రెండేళ్లలో పదవీ విరమణ: సొంత ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోవాలా, ఆగాలా?

ప్రశ్న: గాజువాక వాసి

సభ్యులందరికీ నమస్కారం. మరో రెండు నెలల్లో నాకు 56 ఏళ్లు నిండుతాయి. విశాఖపట్నం శివారులోని ఒక ప్రైవేటు కర్మాగారంలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. మా దగ్గర పదవీ విరమణ వయసు 58 కనుక నాకు ఇంకా రెండేళ్ల రెండు నెలల సర్వీసు ఉంది. కంపెనీ తీసుకున్న గ్రూపు పాలసీలో నాకు, నా భార్యకు కలిపి 5 లక్షల రూపాయల బీమా ఉంది. నిరుడు ఆమెకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ జరిగినప్పుడు కార్డు చూపించి, నాలుగు సంతకాలు చేసి ఇంటికి వచ్చామే తప్ప చేతినుండి పెద్దగా ఖర్చు కాలేదు. ఆ సుఖానికి అలవాటు పడినందువల్లనో ఏమో, ఈ పాలసీ నా ఆఖరి పనిదినంతోనే ముగిసిపోతుందన్న సంగతి మొన్న హెచ్‌ఆర్ వారు చెప్పేవరకు నాకు తట్టనే లేదు.

నాకు నాలుగేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. నా భార్యకు 53 ఏళ్లు. ఆమె బీపీకి, థైరాయిడ్‌కు రోజూ మాత్రలు వేసుకుంటుంది. సొంత పాలసీ గురించి విచారించడం మొదలుపెట్టాక తలా ఒక మాట చెబుతున్నారు. కంపెనీ పాలసీ ఉండగా ఇంకొకటి తీసుకోవడమంటే ఒకే ఇంటికి రెండు అద్దెలు కట్టడమేనని, రిటైరైన మర్నాడు తీసుకుంటే చాలునని తోటి ఉద్యోగి ఒకరు అంటున్నారు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తన కంపెనీ పాలసీలో మమ్మల్ని చేర్చుకుంటానని, మాకు వేరే పాలసీయే అక్కరలేదని అంటున్నాడు. ఇంటికి వచ్చిన ఏజెంటు ఇప్పుడే తీసుకోమన్నారు కానీ, ప్రపోజల్ ఫారంలో షుగర్ సంగతి రాయవద్దని, మాత్రలే కదా, ఇన్సులిన్ కాదు కదా అని నచ్చజెప్పబోయారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

ఎప్పుడు తీసుకోవాలి, ఇద్దరికీ విడివిడిగానా లేక ఫ్యామిలీ ఫ్లోటరా (ఇద్దరూ కలిసి వాడుకునే ఒకే బీమా మొత్తం), ఎంత మొత్తానికి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: విజయవాడ నుండి, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

మీ తోటి ఉద్యోగి చెప్పిన రెండు అద్దెల పోలిక వినడానికి బాగుంది కానీ లెక్కకు నిలవదు. ఆరోగ్య బీమాలో ప్రీమియం కట్టిన రోజునుండే అన్ని జబ్బులకూ రక్షణ మొదలుకాదు. ప్రమాదాలు మినహా దేనికైనా మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకీలు మార్పిడి వంటి చికిత్సలకు చాలా పాలసీలలో రెండేళ్లు ఆగాలి. షుగర్, బీపీ వంటి ముందునుండి ఉన్న జబ్బులకు, వాటి మూలంగా వచ్చే చిక్కులకు మూడేళ్ల వరకు ఆగవలసి రావచ్చు. ఈ వెయిటింగ్ పీరియడ్ ఒకప్పుడు 48 నెలల దాకా ఉండేది. 2024 ఏప్రిల్ నుండి అది 36 నెలలకు మించరాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది.

ఇప్పుడు క్యాలెండరు దగ్గర పెట్టుకుని చూడండి. ఈ నెలలో పాలసీ తీసుకుంటే మీరు ఆగవలసిన 36 నెలలలో మొదటి 26 నెలలు కంపెనీ పాలసీ నీడలోనే గడిచిపోతాయి. షుగర్‌కు సంబంధించిన చికిత్సకు ఏ రక్షణా లేకుండా మీరు ఎండలో నిలబడవలసింది పది నెలలు మాత్రమే. అదే రిటైరైన మర్నాడు తీసుకుంటే 58 నుండి 61 దాకా, జీతం ఆగిపోయిన సరిగ్గా ఆ మూడేళ్లూ ఎండలోనే ఉంటారు. ఈ రెండేళ్లూ మీరు కట్టే ప్రీమియం ఆ 26 నెలలకు చెల్లించే వెల అనుకోండి. అదనపు ప్రీమియం తీసుకుని షుగర్, బీపీలకు ఈ గడువును తగ్గించే పాలసీలు కూడా కొన్ని ఉన్నాయి. మీవంటి వారు ముందుగా వాటిని అడిగి చూడడం మంచిది.

నేను ఈ లెక్క వేసుకోకుండా దెబ్బతిన్నవాడిని. బ్యాంకుల విశ్రాంత ఉద్యోగులకు 2015 నుండి గ్రూపు పాలసీ ఉంది, ప్రీమియం మాత్రం మేమే కట్టుకోవాలి. అది ఉంది కదా అన్న ధీమాతో సొంత పాలసీ ఊసెత్తలేదు. గ్రూపు ప్రీమియం భారమై, 63వ ఏట, గుండెకు స్టెంటు పడిన తరువాత సొంత పాలసీకి ప్రయత్నిస్తే ఒక సంస్థ దరఖాస్తునే తిరస్కరించింది. ఇంకొకటి అదనపు ప్రీమియంతో పాటు ప్రతి బిల్లులోనూ 20 శాతం నేను భరించాలన్న కో-పే షరతు పెట్టింది. అరవై అయిదు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వరన్న పాత హద్దు 2024లో తొలగిపోయిన మాట నిజమే. అయితే అన్ని వయసులవారికీ ఏదో ఒక పాలసీ సిద్ధంగా ఉంచాలన్నంతవరకే ఆ నియమం. మీ ఆరోగ్యాన్ని చూసి కాదనే హక్కు, ప్రీమియం పెంచే హక్కు సంస్థకు ఉన్నాయి. ఒకసారి ఇచ్చిన పాలసీని మాత్రం మోసం వంటి కారణాలు ఉంటే తప్ప, మీరు క్లెయిమ్‌లు చేశారన్న సాకుతో రెన్యువల్ చేయకుండా ఆపలేరు. ఆరోగ్యం కుదురుగా ఉన్నప్పుడే లోపలికి అడుగుపెట్టమని నేను చెప్పడం అందుకే.

ఇంకొక దారి కూడా ఉంది. గ్రూపు పాలసీలో ఉన్న సభ్యుడు, అదే బీమా సంస్థ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారవచ్చు. గ్రూపులో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్ లెక్కలో పరిగణిస్తారు. కానీ మీ యాజమాన్యం ఏటా తక్కువ ధర చెప్పిన సంస్థకు పాలసీని మారుస్తూ ఉంటే, మీరు రిటైరయ్యే నాటికి ఏ సంస్థ ఉంటుందో, దాని వ్యక్తిగత పాలసీ ఎలా ఉంటుందో ఇప్పుడు తెలియదు. ఇది రెండో తాడుగానే ఉంచుకోండి. మీ అబ్బాయి పాలసీలో చేరడం మూడో తాడు. చేరండి, మంచిదే. కానీ అతడు ఉద్యోగం మారితే, లేదా ఆ కంపెనీ తల్లిదండ్రులను జాబితానుండి తీసివేస్తే, మీరు 62 ఏళ్ల వయసులో మళ్లీ ఇదే ప్రశ్న అడగవలసి వస్తుంది.

సమాధానం: హైదరాబాద్ నుండి, టీపీఏలో పనిచేసిన ఒకామె

నేను క్లెయిమ్‌లు పరిశీలించే టీపీఏ సంస్థలో పదకొండేళ్లు పనిచేశాను. ఏజెంటు మాట మింగుడుపడలేదని మీరు రాయడం చూసి ఎంతో సంతోషించాను.

షుగర్ దాచితే అది ఎలా బయటపడుతుందో చెబుతాను. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు, రోగి వెంట వచ్చినవారిని ‘షుగర్, బీపీ ఏమైనా ఉన్నాయా, ఎన్నాళ్లనుండి?’ అని అడుగుతారు. ఆ కంగారులో అబ్బాయో, తోడల్లుడో ‘చాలా ఏళ్లనుండి ఉందండీ, పదేళ్లు అయ్యుంటుంది’ అంటారు. అది కేసు షీటులోకి, అక్కడినుండి డిశ్చార్జి సమ్మరీ మొదటి వాక్యంలోకి ఎక్కుతుంది. మా బల్లమీద మేము మొదట చదివేది ఆ వాక్యమే. నాలుగేళ్ల జబ్బును పదేళ్లుగా రాయించుకుని, అది తప్పని రుజువు చేయడానికి పాత మందుల చీటీలకోసం ఇల్లంతా వెతికిన కుటుంబాలను నేను చూశాను. నిజం చెప్పినవారికే ఇంత ఇబ్బంది ఉన్నప్పుడు దాచినవారి సంగతి చెప్పనక్కరలేదు. అయిదేళ్లు వరుసగా పాలసీ నడిపితే, అంటే 60 నెలల మారటోరియం పూర్తయితే, వివరాలు దాచారన్న కారణంతో సంస్థ క్లెయిమ్‌ను నిరాకరించలేదన్నది నిజమే, ఏజెంట్లు దీనినే తురుపుముక్కగా వాడతారు. కానీ మోసమని సంస్థ నిరూపిస్తే ఆ రక్షణ ఉండదు. పైగా ఆ అయిదేళ్లూ మీ ఆరోగ్యం ఆగుతుందన్న పూచీ ఎవరిది?

కనుక ఫారం మీరే నింపండి. షుగర్ ఏ సంవత్సరంలో బయటపడింది, ఏ మాత్ర ఎంత మోతాదులో వాడుతున్నారు, మీ శ్రీమతి బీపీ, థైరాయిడ్, నిరుటి ఆపరేషన్, అన్నీ రాయండి. పాలసీ పత్రం చేతికి అందాక అవన్నీ అందులో నమోదయ్యాయో లేదో చూడండి. నచ్చకపోతే తిప్పి పంపడానికి మీకు 30 రోజుల వ్యవధి ఉంటుంది.

జనం ప్రీమియం పోల్చినంత శ్రద్ధగా చూడని విషయం గది అద్దె పరిమితి. ఆ పరిమితికి మించిన గది అద్దె తేడా ఒక్కటే మన చేతినుండి పోతుందని అనుకుంటారు. అలా జరగదు. 5 లక్షల పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5,000 రూపాయలు అనుకుందాం. మీరు 8,000 రూపాయల గదిలో అయిదు రోజులు ఉన్నారు. బిల్లు 3,20,000 వచ్చింది. అందులో గది అద్దె 40,000. డాక్టర్ల ఫీజులు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు వగైరా 1,40,000. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాలు 1,40,000. గది అద్దెలో 15,000 కోత పడుతుంది. పెద్ద ఆసుపత్రులలో డాక్టరు ఫీజు కూడా గది స్థాయినిబట్టి పెరుగుతుంది కాబట్టి, ఫీజుల భాగాన్ని కూడా 8కి 5 వంతున, అంటే 87,500కు తగ్గిస్తారు. మందులకు, పరీక్షలకు, పరికరాలకు ఈ దామాషా కోత వేయకూడదు. అయినప్పటికీ మొత్తం 67,500 రూపాయలు మీ జేబునుండి పోతాయి, గదిలో పొందిన అదనపు సుఖం విలువ 15,000 మాత్రమే. గది అద్దెకు పరిమితి లేని పాలసీని, లేదా ‘సింగిల్ ప్రైవేటు ఏసీ గది’ అని రకాన్ని మాత్రమే చెప్పే పాలసీని ఎంచుకోండి. కాస్త ఎక్కువ ప్రీమియం అయినా ఈ ఒక్క విషయంలో పొదుపు చేయవద్దు.

మళ్లీ గాజువాక వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. గది అద్దె లెక్కను నా భార్యకు కాగితంమీద వేసి చూపించాను. నిరుడు మేము ఉన్నది ఏ స్థాయి గది, కంపెనీ పాలసీలో పరిమితి ఎంత అని ఆమె అడిగితే నాకు జవాబు తెలియలేదు.

ఇప్పుడే తీసుకోవాలన్న నిర్ణయానికి వచ్చాను. ఇక బీమా మొత్తం ఎంత అన్న సంగతి. ఇద్దరికీ విడివిడిగా తలా 10 లక్షలు తీసుకుందామంటే ప్రీమియం చూసి గుండె ఝల్లుమంటోంది. 10 లక్షల ఫ్లోటరు కొంత చవకగా వస్తోంది. 5 లక్షలు తీసుకుని పైన టాప్-అప్ వేసుకోమని ఒకరు చెప్పారు. మాకు రేషను కార్డు లేదు కనుక ఆరోగ్యశ్రీ వంటివి వర్తించవనే అనుకుంటున్నాను.

సమాధానం: హనుమకొండ నుండి, నిరుడే రిటైరైన ఒకరు

నాది దాదాపు మీ పరిస్థితే. కాకపోతే నేను 55వ ఏటనే తీసుకున్నాను కనుక నా మూడేళ్లు ఈ మధ్యనే పూర్తయ్యాయి. విజయవాడ పెద్దాయన చెప్పిన సమయం లెక్కతో నాకు పేచీ లేదు. కానీ ఒక మాట కలపాలి. 56వ ఏట కట్టగలిగిన ప్రీమియాన్ని చూసి పాలసీ ఎంచుకోకూడదు, 68వ ఏట కట్టగలమా అన్నది చూసి ఎంచుకోవాలి. ఇద్దరికీ కలిపి ఈ రోజు 40,000 రూపాయలు అనుకుని, అది ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుందని వేసుకుంటే పన్నెండేళ్లకు లక్షా 25 వేలు దాటుతుంది. అరవై దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. అది కొంత ఊరటే కానీ ఆ 10 శాతం మటుకు ఎప్పుడైనా రావచ్చు. వ్యక్తిగత ఆరోగ్య బీమామీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుండి తీసివేశారు. ఆ మిగులును ఈ పెరుగుదల కోసం విడిగా దాచిపెట్టేవారిని నేను ఇంతవరకు చూడలేదు, నాతో సహా.

అందువల్ల నేను తలా 5 లక్షల పాలసీ విడివిడిగా తీసుకుని, దానిపైన 5 లక్షల డిడక్టబుల్‌తో (అంటే బిల్లు ఆ మొత్తం దాటాకే చెల్లింపు మొదలయ్యే షరతుతో) 15 లక్షల సూపర్ టాప్-అప్ వేసుకున్నాను. మీకు చెప్పినవారు టాప్-అప్ అన్నారా, సూపర్ టాప్-అప్ అన్నారా అన్నది తేల్చుకోండి. ఒకే మనిషి ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, ఒక్కోసారి నాలుగు లక్షల బిల్లు అయిందనుకోండి. మామూలు టాప్-అప్ ఏ ఒక్క బిల్లూ అయిదు లక్షలు దాటలేదని రూపాయి కూడా ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తాన్ని కలిపి చూస్తుంది కనుక, అసలు పాలసీ అయిదు లక్షలు ఇచ్చాక మిగిలిన మూడు లక్షలనూ భరిస్తుంది. సూపర్ టాప్-అప్‌కు కూడా వెయిటింగ్ పీరియడ్ వేరుగా ఉంటుంది కాబట్టి రెండింటినీ ఒకేసారి తీసుకోండి. బీమా మొత్తాన్ని తరువాత పెంచుకుందాం అనుకున్నా అంతే, పెంచిన భాగానికి గడువు మళ్లీ మొదటినుండి లెక్కిస్తారు.

ఫ్లోటరు పిల్లలున్న యువ దంపతులకు నప్పుతుంది. ఇద్దరికీ యాభై దాటి, ఇద్దరికీ మాత్రలు ఉన్న ఇంట్లో, ఒకరి చికిత్సకే మొత్తం ఖర్చయితే రెండోవారు ఖాళీ కార్డుతో మిగులుతారు. ఖర్చైన మొత్తం తిరిగి నిండుతుందని ఏజెంట్లు చెబుతారు. అదే మనిషికి, అదే జబ్బుకు కూడా నిండుతుందా అని రాతపూర్వకంగా అడగండి. పైగా ఫ్లోటరు ప్రీమియం పెద్దవారి వయసునుబట్టి ఉంటుంది, మీ శ్రీమతికి మూడేళ్లు తక్కువన్న లాభం అందులో కలిసిపోతుంది.

మీకు పాత పన్ను విధానం ఉంటే ఆరోగ్య బీమా ప్రీమియంమీద 25,000 రూపాయల వరకు, అరవై నిండాక 50,000 వరకు మినహాయింపు వస్తుంది. ప్రీమియం నగదుగా కట్టకూడదు. మీ అబ్బాయి కడితే అతడు తన మినహాయింపుకు అదనంగా తల్లిదండ్రుల పేరిట చూపించుకోవచ్చు. ఉద్యోగం చేసే పిల్లలను ప్రీమియం అడగడానికి మనకు మొహమాటం కానీ, వారికి అది పన్ను లెక్క కూడా.

ప్రభుత్వ పథకాల విషయం. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పటి ఆరోగ్యశ్రీ అయిన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవకు ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవారు అర్హులు కనుక, రిటైరయ్యాక మీకు అర్హత రావచ్చు, అప్పుడు తప్పక విచారించండి. డెబ్బై నిండినవారికి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ప్రైవేటు పాలసీ ఉన్నవారికి కూడా అది దొరుకుతుంది. మీరు ఆ వయసు చేరడానికి 14 ఏళ్లు ఉంది, మీ శ్రీమతికి 17 ఏళ్లు. మన ప్రణాళిక ఈ నడిమి కాలానికే.

మళ్లీ హైదరాబాద్ నుండి

హనుమకొండ వారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. అసలు పాలసీ, సూపర్ టాప్-అప్ వీలైతే ఒకే సంస్థనుండి తీసుకోండి. వేరు వేరు సంస్థలైతే రెండో సంస్థకు మొదటి సంస్థ చెల్లించిన పత్రం, బిల్లుల నకళ్లు అన్నీ పంపి, చాలాసార్లు ముందు మీరు కట్టి తరువాత రాబట్టుకోవలసి వస్తుంది. డిశ్చార్జి రోజున ఈ పని చేయడం ఎంత విసుగో మీ అబ్బాయికి తెలియకపోవడమే మంచిది.

మీ వయసుకు, షుగర్‌కు సాధారణంగా వైద్య పరీక్షలు ఉంటాయి. ఆ వారం రోజులు తీపి మానేసి, అన్నం తగ్గించి వెళ్లేవారు ఎందరో. వారు చూసే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష, చక్కెర స్థాయికి దాదాపు మూడు నెలల సగటును చెబుతుంది కనుక వారం ఉపవాసానికి లొంగదు. ఇప్పటినుండే రోజూ నడవండి, మాత్రలు మానకండి, మూడు నెలల తరువాత దరఖాస్తు చేసినా విజయవాడ వారి లెక్కలో పది నెలలు పదమూడవుతాయి, అంతే. అదనపు ప్రీమియం వేస్తామని సంస్థ రాస్తే వెంటనే కోపగించుకుని వదిలేయకుండా, ఇంకొక సంస్థను కూడా అడిగి పోల్చుకోండి. ఒకచోట తిరస్కరిస్తే ఆ విషయం రెండోచోట ఫారంలో అడుగుతారు, దానిని కూడా దాచవద్దు.

విజయవాడ నుండి

నకళ్ల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. క్లెయిమ్ విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలరోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉంది, 50 లక్షల వరకు వివాదాలను రుసుము లేకుండా విచారిస్తారు. నింపిన ప్రపోజల్ ఫారం నకలు మీ దగ్గర ఉంటేనే అక్కడ మీ మాట నిలుస్తుంది.

గాజువాక వాసి

ఫారం నేనే నింపుతానని ఏజెంటుకు చెప్పాను. వారు కొంత నొచ్చుకున్నారు కానీ ఫారం ఇచ్చారు. తలా 5 లక్షలు, పైన సూపర్ టాప్-అప్, గది అద్దెకు పరిమితి లేనివి రెండు సంస్థలవి చూస్తున్నాం. గ్రూపు పాలసీలో మేము ఏ తేదీనుండి సభ్యులమో, ప్రస్తుత సంస్థ ఏదో రాతపూర్వకంగా ఇవ్వమని హెచ్‌ఆర్‌కు దరఖాస్తు పెట్టాను. షుగర్ మొదట బయటపడిన నాటి పరీక్ష కాగితం బీరువాలో దొరికింది. నాలుగేళ్లు అని అందరికీ చెబుతూ వచ్చాను కానీ, దానిమీది తేదీ ప్రకారం అయిదేళ్ల మూడు నెలలు. ఫారంలో ఆ తేదీయే రాస్తున్నాను.